దానంగా వచ్చిన పాత విమానాన్ని మిషనరీ సేవకు సిద్ధం చేయడం ఎలా

దానమిచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెట్టకూడదంటారు. విమానం దానంగా వస్తే మాత్రం ముందు లెక్కపెట్టాల్సింది పళ్ళే. ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉన్న సెస్నానో పైపర్‌నో చూపించి, "మంచి పనికి వాడుకోండి" అంటూ యజమాని తాళాలు చేతిలో పెడతారు. రెక్కలున్నాయి, ఇంజిన్ ఉంది, రంగు కాస్త వెలిసింది, అంతే కదా అనిపిస్తుంది. అలా అనుకుని ముందుగా రంగు డబ్బాలు కొనకండి. రంగు అన్నిటికంటే చివరి పని.

ప్రదర్శనల కోసం పాత విమానాలను బాగుచేసేవారికి అవి కొత్తలో ఎలా ఉండేవో అలా కనిపించడం ముఖ్యం. మందులను, రోగులను, సరుకులను మారుమూల ప్రాంతాలకు చేర్చే మిషనరీ విమానం లెక్క వేరు. అది దిగేది గడ్డి మీద, కొండవాలులో, వాన వెలిసిన బురదలో. దాని బాగోగులు చూసేది ఒకరో ఇద్దరో మెకానిక్‌లు. బోల్టు పోతే కొనడానికి దగ్గరలో దుకాణం ఉండదు. మీరు ఇక్కడ బిగించే ప్రతిదాన్నీ రేపు అక్కడ ఆ మెకానిక్ విప్పాలి. ఏ నిర్ణయం దగ్గర సందేహం వచ్చినా అతనికి ఏది సులువో అదే చేయండి.

తీసుకోవాలా, వద్దా

విమానాన్ని చూడటానికి వెళ్లే ముందే దాన్ని నడపబోయే సంస్థను రెండు ప్రశ్నలు అడగండి. ఇప్పటికే మీ దగ్గర ఏ రకం విమానాలు ఉన్నాయి? అక్కడ ఏ ఇంధనం దొరుకుతుంది? అందరూ సెస్నా 206 నడిపే చోటికి ఒంటరిగా వెళ్లిన వేరే కంపెనీ విమానం, ఎంత మంచిదైనా, విడిభాగాల కోసం ఎదురుచూస్తూ నేల మీదే ఉంటుంది. ఇంధనం సంగతి ఇంకా పెద్దది. పిస్టన్ ఇంజిన్లకు కావాల్సిన ఏవ్‌గ్యాస్ మారుమూల ప్రాంతాల్లో దొరకడం కష్టం, దొరికినా ధర మండిపోతుంది. జెట్ ఇంధనంతో నడిచే సెస్నా కారవాన్, కోడియాక్ వంటి టర్బైన్ విమానాల వైపు మిషనరీ సంస్థలు మొగ్గడానికి ప్రధాన కారణం ఇదే. 2007లో ధ్రువీకరణ పొందిన కోడియాక్ రూపకల్పనలోనే ఈ అవసరం ఉంది.

జవాబులు అనుకూలంగా లేకపోతే ఒక దారి ఉంది. దాత ఒప్పుకుంటే విమానాన్ని అమ్మి, ఆ డబ్బును పనికొచ్చే విమానానికి వాడటం. దాతకు ఈ మాట చెప్పడం ఇబ్బందిగానే ఉంటుంది. అయినా మొదటి రోజే చెప్పండి.

సంతకం ఎవరిది

ఇక్కడ నియమాల ఉదాహరణలన్నీ అమెరికావి. సెస్నా, పైపర్, హీలియో కొరియర్ అన్నీ అక్కడ పుట్టినవే, మిషనరీ విమానాల మరమ్మతు కేంద్రాలు కూడా అక్కడే ఎక్కువ. అమెరికా ప్రభుత్వ విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ లైసెన్సు ఉన్న మెకానిక్ పర్యవేక్షణలో మీరు ఏ పనైనా చేయవచ్చు. అయితే అతను స్వయంగా పక్కన ఉండి చూడాలి, లాగ్‌బుక్‌లో సంతకం అతనిదే. వార్షిక తనిఖీకి అదనపు అధికారం ఉన్న ఇన్‌స్పెక్టర్ కావాలి. ఆ మనిషిని మొదటే వెతికి పెట్టుకోండి. అన్నీ మూసేశాక పిలిస్తే అన్నీ మళ్ళీ విప్పించడం అతని బాధ్యత, అప్పుడు కోప్పడి లాభం లేదు.

మీరే లైసెన్సు సంపాదించాలనుకుంటే పాఠశాలకు వెళ్లవచ్చు, లేదా పని నేర్చుకుంటూ అనుభవం చూపవచ్చు. విమాన దేహానికి గానీ ఇంజిన్‌కు గానీ ఒక్కదానికైతే 18 నెలలు, రెండింటికీ కలిపి 30 నెలలు పని చేసి ఉండాలి. ఒహాయో రాష్ట్రంలోని కొషాక్టన్‌లో ఉన్న ఎంఎంఎస్ ఏవియేషన్ మిషనరీ విమానాలను బాగుచేస్తూనే ఇలా శిష్యులను తయారుచేస్తుంది. స్పోకేన్‌లోని మూడీ ఏవియేషన్‌ది కళాశాల మార్గం. పైలట్, మెకానిక్ రెండూ ఒకే మనిషి కావడం ఈ రంగంలో పాత ఆనవాయితీ. మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్ అనే మిషనరీ సంస్థ మొదటి విమానం కొత్తదేమీ కాదు, 1933 నాటి వేకో రెండంతస్తుల రెక్కల విమానం. 1946లో పైలట్ బెట్టీ గ్రీన్ దాన్ని మెక్సికోకు నడిపారు. ఆ ఏడాదే అది అక్కడ దెబ్బతింటే బాగుచేయడానికి వెళ్లిన మెకానిక్ నేట్ సెయింట్. తరువాత ఈక్వడార్‌లో పైలట్‌గా పేరు తెచ్చుకున్నది ఆయనే.

కాగితాలు చదవడం

రెంచీ పట్టేముందు లాగ్‌బుక్‌లు పట్టండి. విమానానికి, ఇంజిన్‌కు, ప్రొపెల్లర్‌కు వేర్వేరు పుస్తకాలుంటాయి. మొదటి పేజీ నుంచి చదవాలి, చివరి నాలుగు పేజీలు చాలవు. రాసినదాని కంటే రాయనిది ఎక్కువ చెబుతుంది. "ప్రొపెల్లర్ మార్చాము, ముందు చక్రం ఫోర్కు మార్చాము" అని ఒకే తేదీన కనిపించిందంటే ప్రొపెల్లర్ నేలకు తగిలి ఉండవచ్చు. అప్పుడు ఇంజిన్ విప్పి ప్రొపెల్లర్‌ను తిప్పే ఇరుసు క్రాంక్‌షాఫ్ట్‌ను పరీక్షించినట్టు ఇంజిన్ పుస్తకంలో ఉందా చూడండి. లేకపోతే ఆ ఖర్చు మీ పద్దులో ముందే వేసుకోవాలి. పుస్తకాలు పోయి ఉంటే ఎఫ్‌ఏఏ దగ్గర ఆ విమానం నమోదు పత్రాలు, పెద్ద మరమ్మతులకు దాఖలు చేసిన 337 ఫారాల నకళ్లు దొరుకుతాయి. వాటితో కథ పూర్తిగా తెలియదు గానీ పెద్ద దెబ్బలు బయటపడతాయి.

తరువాత ఆ మోడల్‌కు, ఇంజిన్‌కు, ప్రొపెల్లర్‌కు, చిన్న పరికరాలకు కూడా జారీ అయిన ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్‌ల జాబితా తయారుచేయండి. భద్రతా లోపం బయటపడినప్పుడు ప్రభుత్వం ఇచ్చే తప్పనిసరి ఆదేశాలివి. ఒక్కొక్కదాని ఎదురుగా ఎప్పుడు, ఎలా, ఎవరు పాటించారో రాయండి. "గతంలో చేశారు" అనే మాటను ఒప్పుకోవద్దు. రుజువు లేకపోతే చేయనట్టే లెక్క.

విప్పడం, వెతకడం

ముందు కడగండి. మురికి కింద పగులు కనిపించదు. కడిగాక తనిఖీ మూతలు, సీట్లు, నేల పలకలు, లోపలి తొడుగులు అన్నీ తీయండి. తీసే ముందు ఫొటో, తీశాక చీటీ కట్టిన సంచి. ఏ సంచిలో ఏ స్క్రూలు ఉన్నాయో మీకు ఇప్పుడు గుర్తుంటుంది. ఈ పని తరచూ సంవత్సరాలు సాగుతుంది, అప్పటికి గుర్తుండదు.

చాలాకాలం నిలిపిన విమానంలో ముందు వెతకాల్సింది ఎలుకలను. రెక్కల చివర్లలో, తోకలో, కేబిన్ గోడల ఇన్సులేషన్ మెత్తల వెనక గూళ్లు కట్టుకుంటాయి. గూడు తీసేసి ఊరుకుంటే పని కాదు. వాటి మూత్రం అల్యూమినియాన్ని తినేస్తుంది. ఆ మెత్త తడిసి రేకుకు అంటుకుని ఉన్న చోట దాన్ని లాగి చూస్తే కింద తెల్లటి పొడి, పొడి కింద గుంటలు ఉంటాయి. రేకు పొరలు పొరలుగా ఉబ్బి, అట్టముక్క నానినట్టు కనిపిస్తే ఆ భాగాన్ని రుద్ది బాగుచేయలేరు, మార్చాల్సిందే. పైపైన ఉన్న తుప్పయితే అల్యూమినియం ఉన్నితోనో నైలాన్ రాపిడి మెత్తతోనో తీయండి. ఇనుప ఉన్ని, ఇనుప బ్రష్ దగ్గరకు రానివ్వకండి. వాటి రవ్వలు అల్యూమినియంలో దిగబడి అక్కడే కొత్త తుప్పుకు విత్తనాలవుతాయి. శుభ్రం చేశాక మిగిలిన మందం కొలవండి. తయారీదారు మాన్యువల్ చెప్పిన పరిమితిలో ఉంటేనే యాసిడ్‌తో కడిగి, తుప్పును అడ్డుకునే అలోడిన్ రసాయన పూత, దానిపై ఎపాక్సీ ప్రైమర్ వేయాలి.

సెస్నాలలో కొన్ని చోట్ల ప్రత్యేకంగా ఆగండి. ముందు చక్రం ఉన్న 182, 206 రకాల్లో ఇంజిన్ వెనక ఉండే ఫైర్‌వాల్ రేకు మీద టార్చి పక్కకు పట్టి చూడండి. ముడతలు కనిపిస్తే ఎప్పుడో ముందు చక్రం మీద గట్టిగా దిగింది. తోకచక్రం ఉన్న 180, 185లలో తోకచక్రం బిగించే చట్రాలు, వాటి రివెట్లు చూడండి. రివెట్ చుట్టూ నల్లటి మసి గీత ఉందంటే అది వదులై కదులుతోందన్నమాట.

సీటు పట్టాలను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పట్టాలో వరుసగా రంధ్రాలుంటాయి, సీటు పిన్ను వాటిలో దిగి సీటును పట్టి ఉంచుతుంది. రంధ్రం అరిగినా, పట్టా పగిలినా, టేకాఫ్‌లో ముక్కు పైకెత్తినప్పుడు పైలట్ సీటు ఒక్కసారిగా వెనక్కి జారుతుంది. చేతిలో ఉన్న స్టీరింగు కూడా అతనితో పాటే వెనక్కి వస్తుంది, ముక్కు ఇంకా లేస్తుంది, విమానం వేగం కోల్పోయి పడిపోతుంది. దీనిపై ఉన్న ఆదేశం పాతదే. ఎత్తుపల్లాల రన్‌వేల మీద తిరగబోయే విమానంలో అరుగుదల కొలిచి "ఇంకా పరిమితిలోనే ఉంది" అని వదలడం నాకు నచ్చదు. అనుమానం ఉంటే కొత్త పట్టాలు వేయండి.

పైపర్‌లలో రెక్కను మోసే స్ట్రట్ గొట్టాలు లోపలి నుంచి తుప్పు పడతాయి. పైన రంగు నిగనిగలాడుతుంటుంది, కింది చివర నీరు నిలిచి గోడ పలచనవుతుంది. నిర్ణీత పరికరంతో పొడిచి గానీ, అల్ట్రాసౌండ్‌తో గానీ పరీక్షించాలి. మూసి ఉన్న కొత్తరకం స్ట్రట్‌లు వేస్తే ఆ పరీక్ష మాటిమాటికీ చేయక్కర్లేదు. దూరాన ఉన్న మెకానిక్‌కు ఒక పని తగ్గుతుంది కాబట్టి ఈ ఖర్చు పెట్టదగినదే.

రేకు పని

దెబ్బతిన్న రేకు తీయాలంటే రివెట్ తల తీయాలి. తల మధ్యలో చుక్క పెట్టి, రివెట్ సైజు డ్రిల్లుతో తల మందం వరకే దించండి. తరువాత పంచ్‌తో తలను విరిచి, వెనక గట్టి దిమ్మ ఆనించి కాడను మెల్లగా కొట్టాలి. తొందరపడి పూర్తిగా డ్రిల్లు దించితే రంధ్రం కోడిగుడ్డులా సాగి, పెద్ద సైజు రివెట్ వేయాల్సి వస్తుంది.

కొత్త రివెట్ లెక్కలు గోడ మీద రాసి పెట్టుకోండి. రివెట్ వ్యాసం మందపాటి రేకుకు దాదాపు మూడు రెట్లు. రేకుల మొత్తం మందం దాటి బయటకు వచ్చే కాడ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు. కొట్టాక ఏర్పడే తల వెడల్పు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం. రేకు అంచు నుంచి రివెట్ మధ్యకు కనీసం రెండు వ్యాసాల దూరం. 1/8 అంగుళం రివెట్‌కు 30వ నంబరు డ్రిల్లు. డ్రిల్లు చేశాక రేకులను విడదీసి రంధ్రాల అంచుల చిప్పులు గీకేయడం మరవద్దు, చిప్పు ఉన్న చోటే పగులు మొదలవుతుంది. విమాన రివెట్లలో ఎక్కువగా వాడే రకానికి తల మధ్య చిన్న గుంట ఉంటుంది. అది లేని మెత్తరకం రివెట్లు సంచిలో కలిసిపోతే పారేయండి. ఏరుతూ కూర్చోవడం కంటే కొత్తవి కొనడం చవక.

అసలు పనికి ముందు పాత రేకు ముక్కల మీద కొట్టి చూసుకోండి. ఒకరు రివెట్ గన్ పట్టి, ఒకరు వెనక దిమ్మ పట్టి కొట్టే ఈ పనిలో ఇద్దరికీ లయ కుదిరేదాకా రెక్కను ముట్టుకోకపోవడం మంచిది.

గుడ్డ కప్పిన విమానమైతే పని వేరే. పాలియెస్టర్ గుడ్డను అంటించి ఇస్త్రీపెట్టెతో బిగిస్తారు. మొదట 121 డిగ్రీల సెల్సియస్, చివర 177 డిగ్రీలు. ఇస్త్రీపెట్టె మీది గుర్తులను నమ్మక థర్మామీటరుతో సరిచూసుకోండి, 177 దాటితే గుడ్డ బిగువు పోతుంది. గుడ్డ వేసే ముందు లోపలి ఉక్కు గొట్టాల చట్రాన్ని, ముఖ్యంగా తోక దగ్గర కింది గొట్టాలను చూసుకోండి. ఒకసారి కప్పితే మళ్ళీ చాలా ఏళ్ల వరకు చూడలేరు.

తీగలు

స్టీరింగు కదలికను రెక్కలకు, తోకకు చేర్చే కంట్రోల్ కేబుల్‌లో 7 పాయలు, పాయకు 19 సన్నటి తీగలు ఉంటాయి. గుడ్డ చుట్టి చివరి నుంచి చివరిదాకా లాగండి, తెగిన తీగ ఉంటే గుడ్డ చిక్కుతుంది. వట్టి చేత్తో లాగితే చెయ్యి చిక్కుతుంది. కప్పీల మీదుగా వెళ్లే చోట బిగువు తగ్గించి, కేబుల్‌ను వంచి పాయల మధ్య చూడండి. కేబుళ్లు కలిపాక స్టీరింగు కుడివైపు తిప్పితే కుడి రెక్క ఐలెరాన్, అంటే రెక్క వెనక అంచున కదిలే పలక, పైకి లేవాలి. తలకిందులుగా కలిపిన కేబుళ్లు అనుభవజ్ఞులను కూడా చంపాయి. ఆ పని చేయని రెండో మనిషితో సరిచూయించండి.

ఇంజిన్

ఎగరకుండా కూర్చున్న ఇంజిన్‌ను గంటలు తక్కువ కదా అని నమ్మకండి. లైకమింగ్ ఓ-360 లాంటి ఇంజిన్‌కు తయారీదారు చెప్పే గడువు 2,000 గంటలు లేదా 12 సంవత్సరాలు, ఏది ముందైతే అది. లైకమింగ్‌లలో వాల్వులను తెరిచే ఇరుసు కామ్‌షాఫ్ట్ పైభాగాన ఉంటుంది కాబట్టి నూనె అంతా కిందికి జారిపోయి తుప్పు మొదట దానికే పడుతుంది. 12 ఏళ్లు దాటి, తడి గాలిలో ఉన్న ఇంజిన్ అయితే పరీక్షల మీద ఆశ పెట్టుకోకుండా ఓవర్‌హాల్‌కు, అంటే పూర్తిగా విప్పి బాగుచేసి మళ్ళీ కూర్చడానికి, పంపండి. సిలిండర్ మార్చడం ఏ మారుమూల హ్యాంగరులోనైనా జరుగుతుంది. ఇంజిన్ ప్రధాన పెట్టె అయిన క్రాంక్‌కేసును విడదీయడం జరగదు.

ఇటీవలి వరకు ఎగిరిన ఇంజిన్‌కు కంప్రెషన్ పరీక్ష చేయండి. సిలిండర్‌లోకి చదరపు అంగుళానికి 80 పౌండ్ల ఒత్తిడితో గాలి పంపి, ఎంత నిలుస్తుందో రెండో గేజీలో చూస్తారు. అంకె కంటే చప్పుడు ముఖ్యం. పొగగొట్టం దగ్గర బుస వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, గాలి తీసుకునే చోట వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, నూనె పోసే మూత దగ్గర వినిపిస్తే పిస్టన్ రింగులు కారుతున్నట్టు. గాలి పెట్టినప్పుడు ప్రొపెల్లర్ తిరగబోతుంది, బలమైన మనిషి గట్టిగా పట్టుకోవాలి, ఇంకెవరూ దాని దారిలో ఉండకూడదు. నూనె ఫిల్టరు కోసి, మడతలు విప్పి లోహపు తునకలు చూడండి. రబ్బరు గొట్టాలన్నీ, బాగున్నట్టు కనిపించినా, మార్చండి.

ప్రొపెల్లర్‌ను అధీకృత వర్క్‌షాపుకు పంపండి. ఇక్కడ బేరం లేదు.

ఇంధన ట్యాంకులు

చాలా పాత సెస్నాల రెక్కల్లో ఇంధనం రబ్బరు సంచుల్లో ఉంటుంది. ఇంధనంతో తడిసి ఉన్నంతకాలం అవి మెత్తగా ఉంటాయి, ఖాళీగా ఎండితే పగులుతాయి. సంచి అడుగున ముడత పడితే నీరు దాని వెనక దాక్కుంటుంది. నేల మీద డ్రెయిన్ వాల్వు తెరిచి చూస్తే శుభ్రమైన ఇంధనమే వస్తుంది. టేకాఫ్‌లో ముక్కు లేవగానే ఆ నీరు ముడత దాటి ఇంజిన్‌కు చేరుతుంది. అందుకే రెక్కలను ఊపి, తోకను కిందికి దించి, ఆ తరువాత మళ్ళీ డ్రెయిన్ చేసి చూడాలి. సంచులు పాతవైతే కొత్తవి వేసి, ముడతలు లేకుండా చేత్తో తడిమి సరిచేయండి. రెక్కతో సమానంగా ఉండే పాత ట్యాంకు మూతల సీళ్ల గుండా వాన నీరు దిగుతుంది. వాటి బదులు గొడుగులా పైకి లేచి ఉండే మూతలు పెట్టండి. డ్రమ్ముల్లో ఇంధనం తెచ్చుకునే చోట ఇంత జాగ్రత్త అతి కాదు.

అక్కడికి తగ్గ మార్పులు

పెద్ద టైర్లు, బలమైన ముందు ఫోర్కు, పొట్ట కింద సరుకుల పెట్టె, తక్కువ వేగంలో ఎగిరేందుకు రెక్క అంచు మార్పులు. ఇవన్నీ ఉపయోగమైనవే, ఆమోదపత్రం ఉన్న కిట్లు మాత్రమే వేయండి. అయితే ప్రతి మార్పూ బరువే. సెస్నా 206జి గరిష్ఠ బరువు 3,600 పౌండ్లు, అంటే సుమారు 1,633 కిలోలు. ఖాళీ విమానం ఎన్ని కిలోలు పెరిగితే అన్ని కిలోల మందులు, అంతమేర రోగులు నేల మీద మిగిలిపోతారు. బరువు తగ్గించే చోటూ ఉంది. పాత విమానం డ్యాష్‌బోర్డు వెనక ఎప్పుడో తీసేసిన రేడియోల తీగలు మోపుగా ఉంటాయి. పనిలేని ప్రతి తీగనూ తీసేయండి, మిగిలినవాటికి రెండు చివరలా చీటీ కట్టండి. మెరిసే తెరల పరికరాలు చూసి మురిసిపోకండి. చెడిపోతే అక్కడే విప్పి మార్చగలిగినవే పెట్టాలి.

చివరి పనులు

ఇప్పుడు రంగు. రంగు వేసిన తరువాత ఐలెరాన్లు, తోకలో కదిలే పలకలైన ఎలివేటరు, రడ్డరు తిరిగి బ్యాలెన్సు చేయించాలి. రంగు బరువుకు బ్యాలెన్సు తప్పితే వేగంలో అవి అదిరి విమానాన్నే చీల్చవచ్చు. తరువాత విమానాన్ని తూకం వేయించి, బరువు, బ్యాలెన్సు పత్రం కొత్తగా రాయండి. పాత అంకెలకు కూడికలు తీసివేతలు చేసి తెచ్చిన లెక్కను నమ్మవద్దు.

మొదటి పరీక్షా ప్రయాణం పైలట్ ఒక్కరే చేయాలి. ఆపై కనీసం 25 గంటలు దగ్గర్లోనే తిప్పండి. కొత్త ఇంజిన్ లోపాలు, కారే గొట్టాలు, సడలే నట్లు చాలావరకు ఈ గంటల్లోనే బయటపడతాయి, అదీ మీ పనిముట్లు మీ పక్కనే ఉండగా. ఆ తరువాతే సముద్రం దాటించడం. అదనపు ట్యాంకులతో ఎగరేసుకుపోవడానికి ప్రత్యేక అనుమతి, అలవాటున్న పైలట్ కావాలి. కంటెయినరులో పంపితే రెక్కలు విప్పాలి. ఎగుమతి ధ్రువపత్రానికి ఇన్‌స్పెక్టర్ ఎప్పుడు చూస్తారో రెక్కలు విప్పకముందే అడిగి తెలుసుకోండి.

విమానంతో పాటు ఒక పెట్టె పంపాలి. లోపలి ట్యూబులు, బ్రేకు లైనింగులు, స్పార్క్ ప్లగ్గులు, నూనె ఫిల్టర్లు, స్పార్క్ ప్లగ్గులకు కరెంటు ఇచ్చే మాగ్నెటో ఒకటి, గ్యాస్కెట్లు, మీరు వాడిన సైజుల రివెట్లు, సేఫ్టీ వైరు. విప్పినప్పుడు తీసిన ఫొటోలు, కొత్తగా గీసిన వైరింగు బొమ్మ, పాటించిన ఆదేశాల జాబితా కాగితం మీద ముద్రించి పెట్టండి, అక్కడ కరెంటు ఎప్పుడుంటుందో తెలియదు. ఏ పని చేయాలనుకుని చేయలేకపోయారో కూడా ఒక కాగితం మీద రాసి అన్నిటికంటే పైన ఉంచండి. అక్కడి మెకానిక్ పెట్టె తెరవగానే ముందు చదవాల్సింది దాన్నే.